కొరియా బడిలో పంతులమ్మ

కొరియాలో పంతులమ్మ ఉద్యోగం అనగానే మా తెనాలిలో చుట్టపక్కాలు ముందు అడిగేది జీతమెంత అని. తర్వాత అడిగేది, అక్కడ కుక్కల్ని తింటారటగా, నువ్వెట్లా ఉంటున్నావే తల్లీ అని. జీతం సంగతి వాళ్ళకు చెప్పలేదు, మీకూ చెప్పను. కుక్కల సంగతి చెబుతాను. తినడం కోసం కుక్కల్ని పెంచడాన్నీ, చంపడాన్నీ, ఆ మాంసం అమ్మడాన్నీ నిషేధిస్తూ 2024లో చట్టం చేశారు. అది పూర్తిగా అమలులోకి రావడానికి 2027 ఫిబ్రవరి దాకా గడువిచ్చారు. నా మట్టుకు నాకు ఆ పదార్థం ఎక్కడా కంటబడలేదు. పప్పూ అన్నం తినే మనిషిని నేనెట్లా బతుకుతున్నానంటే, అది వేరే కథ. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అసలు తెలుగు పంతులమ్మ కొరియా పిల్లలకు ఇంగ్లీషు చెప్పడమేమిటని మీకు అనుమానం రావచ్చు. అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా: ఈ ఏడు దేశాల వాళ్ళనే అక్కడి సర్కారు బళ్ళు ఇంగ్లీషు పంతుళ్ళుగా తెచ్చుకొనేవి. మనకూ వాళ్ళకూ కుదిరిన వర్తక ఒడంబడిక 2010 జనవరి 1న అమలులోకి వచ్చింది. అందులో సరుకుల మీద సుంకాల లెక్కలతోపాటు, పట్టా, బోధనకు అర్హతపత్రం ఉన్న భారతీయ ఇంగ్లీషు ఉపాధ్యాయుల్ని సహాయ ఉపాధ్యాయులుగా రానిస్తామనే మాట కూడా ఒకటి చేరింది. సరుకుల జాబితా పక్కన ఎక్కిన పంతులమ్మను నేను. 2022 ఆగస్టు నెలాఖరున వెళ్ళి దిగాను.

నాకు వేసిన బడి సియోల్‌లో కాదు. చొల్లా ఉత్తర ప్రాంతంలో కిమ్‌జె అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి పల్లెల బస్సులో అరగంట ప్రయాణం. కొరియా దేశంలో నూటికి డెబ్బై వంతులు కొండలే. ఆకాశం నేలను తాకే గీత కనబడే చోటంటే ఇక్కడివారికి అపురూపం. అంచేత ఏటా శరదృతువులో ఆ దిగంతం పేరు మీదనే కిమ్‌జెలో ఉత్సవం చేస్తారు. చుట్టూ వరిమళ్ళు. దగ్గరలోనే ప్యొక్‌గొల్జె అని పాత చెరువుకట్ట ఉంది, క్రీ.శ. 330లో కట్టారని వాళ్ళ ప్రాచీన చరిత్ర గ్రంథం చెబుతుంది. జపానువాళ్ళ ఏలుబడిలో, అంటే 1910 నుంచి 1945 దాకా, ఈ మైదానంలో పండిన బియ్యమే కున్‌సాన్ రేవులో ఓడలకెక్కి జపానుకు పోయింది. మే నెలాఖరున యంత్రాలతో నాట్లు మొదలై, మళ్ళన్నీ నీళ్ళతో తళతళలాడుతుంటే మా డెల్టాలో కాలవగట్టు మీద నుంచున్నట్టే ఉంటుంది. జనవరిలో మాత్రం, సుమండీ, ఆ భ్రమ ఎంతమాత్రమూ కలగదు.

బడి గుమ్మంలోనే బూట్లు విప్పి అరలో పెట్టి, లోపల తిరిగే చెప్పులు వేసికోవాలి. ప్రధానోపాధ్యాయులవారికైనా ఇదే నియమం. పైన కోటూ టై, ముడత పడని పంట్లాం, కింద రబ్బరు చెప్పులు! వారం రోజులు నవ్వాపుకోవడం కష్టమైంది. ఎనిమిదో రోజుకు నా కాళ్ళకూ అవే.

మొదటి రోజున నన్ను పరిచయం చేస్తూ ప్రధానోపాధ్యాయులవారు పది నిమిషాలు ప్రసంగించారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కాని ఒక మాట మాత్రం మాటిమాటికీ చెవిన పడుతున్నది. అది ‘ఉరి’. ఉరి హక్క్యో అంటారు, ఉరి నారా అంటారు. ఉరీ, దానికి తోడు నారా వినబడితే తెలుగు మనిషికి గుండె జారదా మరి? సాయంత్రం నా తోటి కొరియా ఉపాధ్యాయిని నా భయం విని కడుపుబ్బ నవ్వింది. ‘ఉరి’ అంటే మన. ‘హక్క్యో’ అంటే బడి. ‘నారా’ అంటే దేశం.

ఈ ‘ఉరి’ లేకుండా ఇక్కడ ఎవరూ నోరు విప్పరు. ఒక్కగానొక్క కొడుకు కూడా వాళ్ళమ్మను ‘ఉరి ఒమ్మా’ అనే అంటాడు. భార్య భర్తను కూడా అట్లాగే అంటుంది. ఇంగ్లీషు వ్యాసం రాయమంటే పిల్లలు ‘నా తల్లి’ అనడానికి బదులు ‘మనందరి తల్లి’ అని వచ్చేటట్టు రాస్తారు. ఏడు దేశాల దొరలకూ అది వింతగా ఉంటుందేమోగాని, మా అమ్మ, మా ఇల్లు, మా ఆయన అంటూ పెరిగినదాన్ని, నాకెందుకు వింత? తెనాలిలో మా పిల్లలు కూడా ఇదే తప్పు రాసేవాళ్ళు.

అయితే మన భాషలో ‘మా’ వేరు, ‘మన’ వేరు. వినేవాణ్ణి కలుపుకుంటే ‘మన’, బయట నిలబెడితే ‘మా’. ‘ఉరి’కి ఆ తేడా లేదు. రెండింటికీ అదే మాట. ఇక ‘చొహీ’ అని ఇంకొక మాట ఉంది. పెద్దల ముందు తగ్గి పలికే మాట. అందులో వినేవారు చేరనే చేరరు. అది అచ్చంగా మన ‘మా’. నేను వెళ్ళిన కొత్తలో పిల్లలు నాకు నడుము వంచి నమస్కారం పెట్టి, ‘చొహీ హక్క్యో’ చూపిస్తాం రండి అనేవాళ్ళు. ఎంత మర్యాదో అంత దూరం! అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరు నాతో ‘చొహీ’ అంటున్నారు, ఎవరు ‘ఉరి’ అంటున్నారు అని చాకలిపద్దులాగా మనసులో లెక్క రాసుకొనేదాన్ని.

భాషల పోలికలు పట్టుకున్న విదేశీ పంతుళ్ళలో నేను మొదటిదాన్ని కాను. 1886లో కొరియా రాజు సియోల్‌లో ఇంగ్లీషు బడి పెట్టి అమెరికా నుంచి ముగ్గురు పంతుళ్ళను పిలిపించాడు. వారిలో హోమర్ హల్బర్ట్ అనే ఆయన కొరియా భాష క్షుణ్ణంగా నేర్చి, ఆ లిపిలోనే పిల్లలకు భూగోళం రాశాడు. తరువాత కొరియా వ్యాకరణాన్ని మన ద్రావిడ భాషలతో పోల్చి ఒక పుస్తకం వేశాడు. క్రియ వాక్యం చివర రావడం, విభక్తులు మాట వెనక తగలడం చూచి ఇవి రెండూ చుట్టాలే అనుకున్నాడాయన. భాషాశాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. ఆయన వృద్ధాప్యంలో 1949లో మళ్ళీ కొరియాకు వచ్చి, వచ్చిన వారానికే కన్ను మూశాడు. సియోల్‌లో హాన్ నది దగ్గర విదేశీయుల శ్మశానంలో ఆయన సమాధి ఉంది. నేను వెళ్ళి చూచి వచ్చాను.

ఇక దినచర్య. ఎనిమిదిన్నరకు బడిలో ఉండాలి. పీరియడు నలభై ఐదు నిమిషాలు. వారానికి ఇరవైరెండు పీరియడ్లకు మించకూడదని ఒప్పందం. తరగతిలో నా పక్కన కొరియా ఉపాధ్యాయిని ఉంటుంది. వ్యాకరణం ఆమెది, మాటలు నావి. చివర పిల్లలే చీపుళ్ళు, తడిగుడ్డలు పట్టి గదులు, వసారాలు, మరుగుదొడ్లు కూడా శుభ్రం చేస్తారు. మన ఊళ్ళో ఇట్లా చేయిస్తే తల్లిదండ్రులు మర్నాడే దండెత్తి వస్తారు. ఇక్కడ వైద్యుడి కొడుకూ, కూలివాడి కొడుకూ ఒకే బకెట్టు మోస్తారు. ఇది మాత్రం మనం నేర్చుకోదగినదే.

సాయంత్రం గేటు ముందు పసుపుపచ్చ వ్యానులు వరుసగా నిలబడి ఉంటాయి. అవి ఇంటికి పోయేవి కావు, పట్టణంలో ట్యూషను బళ్ళకు పోయేవి. ఆ బళ్ళను ‘హాగ్వాన్’ అంటారు. సియోల్‌లో రాత్రి పదింటికి వాటిని మూసివేయాలని నిబంధన పెడితే, అది తమ హక్కులకు భంగమని కొందరు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళారు; 2009లో న్యాయస్థానం నిబంధనే సబబని తేల్చింది. పదింటికి మూయమని చట్టం చెప్పవలసి వచ్చిందంటే మిగతాది మీరే ఊహించుకోండి. మర్నాడు రెండో పీరియడులో బల్ల మీద తల వాల్చి నిద్రపోయే పిల్లవాణ్ణి లేపాలా, పడుకోనివ్వాలా? నా తోటి ఉపాధ్యాయిని లేపేది. నేను చాలాసార్లు లేపేదాన్ని కాదు. మా ఇద్దరికీ దీని మీద మూడేళ్ళూ రాజీ కుదరలేదు.

ఈ చదువంతా పోయి పోయి నవంబరులో జరిగే కళాశాల ప్రవేశ పరీక్షలో పడుతుంది. ఆ ఉదయం ట్రాఫిక్కు తగ్గాలని ఆఫీసులు గంట ఆలస్యంగా తెరుస్తారు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు తమ బండ్ల మీద దించుతారు. ఇంగ్లీషు విని జవాబు రాసే ఆ అరగంట పైచిలుకు సేపు దేశంలో విమానాలు లేవవు, దిగవు. నేను చెప్పే మాటల పాఠానికి ఈ మహాయజ్ఞంలో చోటు దాదాపు లేనట్టే. మొదట్లో అది కొంచెం చిన్నతనంగా తోచేది. ఆనక చూస్తే మార్కులు లేని పాఠం గనుకనే పిల్లలు నా పీరియడులో తప్పులు మాట్లాడడానికి జంకేవారు కారు, నవ్వేవారు కూడా.

భోజనం సంగతి చెబుతానన్నాను గదా. మధ్యాహ్నం పిల్లలకూ పంతుళ్ళకూ ఒకే హాలు, ఒకే వంట, గళ్ళ స్టీలు పళ్ళెం. పిల్లలకు ఉచితం. అన్నం, చారు, కిమ్చీ, రెండు మూడు కూరలు. చూడబోతే అంతా కూరగాయలే. అసలు గుట్టు అడుగున ఉంటుంది. చారు ఎండుచేపలతో కాస్తారు. కిమ్చీలో ఉప్పు రొయ్యలో, చేపల రసమో పడకపోతే ఈ చొల్లా ప్రాంతంలో అది కిమ్చీయే కాదు. వంటశాల పెద్దమ్మకు నా సంగతి తెలిశాక రోజూ నా కోసం నువ్వులనూనెతో కలిపిన సోయామొలకలు, జున్నుముక్కలాంటి సోయాగడ్డ, కాల్చిన సముద్రపు నాచు ఆకులు విడిగా తీసి ఉంచేది. కారం విషయంలో మాత్రం ఇద్దరమూ ఒక ఇంటివాళ్ళమే. మిరపకాయ మనకూ వాళ్ళకూ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిన చుట్టమే అయినా, గుంటూరులోనూ ఇక్కడా ఆ మాట చెబితే కొట్టవస్తారు. నవంబరులో ఊరంతా కలిసి క్యాబేజీలు ఉప్పులో నానబెట్టి, కారం పట్టించి జాడీలకెత్తే సందడి చూస్తే మా ఇంట్లో ఆవకాయ రోజులు కళ్ళకు కట్టాయి. ఆ కార్యక్రమాన్ని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాకెక్కించింది. మన ఆవకాయకు ఆ యోగం ఎప్పుడో!

మా బడిలో కొందరు పిల్లల తల్లులు వియత్నాం, కాంబోడియా, ఫిలిప్పీన్స్ దేశాల వాళ్ళు. పల్లెటూళ్ళ ఆడపిల్లలు నగరాలకు పోగా, మిగిలిన రైతు కుర్రాళ్ళు దూరదేశాల నుంచి పెళ్ళికూతుళ్ళను తెచ్చుకున్నారు. 2023లో మొదటి తరగతిలో, అంటే మన ఏడో తరగతి ఈడులో, కిటికీ పక్కన కూర్చొనే ఒక కుర్రవాడి తల్లి వియత్నాం ఆవిడ. వాడు చురుకైనవాడు. కాని ఇంట్లోవాళ్ళ మాట వస్తే నోరు మూసుకొనేవాడు. వసంతంలో తల్లిదండ్రులు వచ్చి పాఠం చూచే రోజున ఆవిడ పొలం పని చేతులతోనే వచ్చి వెనక బల్ల మీద కూర్చుంది. నలభై ఐదు నిమిషాలూ వాడు తల ఎత్తలేదు.

పాఠమయ్యాక ఆవిడ నాతో మాట్లాడింది. ఆవిడది అత్తగారి దగ్గర పట్టుబడిన చొల్లా యాస. నాది పుస్తకంలో నేర్చిన సియోల్ భాష. ఇద్దరిదీ వచ్చీరాని కొరియానే. మాటల్లో ఇక్కడ నీకేమి తోచదని అడిగింది. కొత్తిమీర అన్నాను. కొరియావాళ్ళలో చాలామంది ఆ వాసన భరించలేరు. పల్లె అంగళ్ళలో అది కనబడదు. ఆవిడ ముఖం వెలిగింది. మర్నాడు ఉదయం కొడుకు చేత వార్తాపత్రికలో చుట్టిన కొత్తిమీర కట్ట పంపించింది.

నా తోటి ఉపాధ్యాయిని ఆ పొట్లం చూచి తెల్లబోయింది. 2016 సెప్టెంబరు నుంచి ఇక్కడ లంచగొండితనం మీద కఠినమైన చట్టం ఉంది. మార్కులు వేసే పంతులికి విద్యార్థి తరఫున ఎవరూ ఏమీ ఇవ్వకూడదు. డబ్బా కాఫీ కూడా పనికిరాదు. హంగుల్ లిపి కల్పించిన సెజోంగ్ రాజు పుట్టినరోజైన మే 15న ఉపాధ్యాయ దినోత్సవం చేస్తారు. ఆనాడు కూడా తరగతి నాయకుడు అందరి ఎదుటా ఒక పువ్వు ఇవ్వవచ్చునేగాని, పిల్లలు విడివిడిగా ఇవ్వరాదు. వియ్యాలవారి కానుకల్లా దసరాకూ పండగకూ మామూళ్ళు పుచ్చుకొనే చోట పుట్టి పెరిగినదాన్ని గనుక ఈ చట్టమంటే నాకు గౌరవమే. కాని కొత్తిమీర కట్ట! ఎందుకొచ్చిన తంటా, తిప్పి పంపుదామంది ఆమె. పంపాం. కుర్రవాడు పొట్లం సంచిలో పెట్టుకొని మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

చట్టం సంగతి వాడికి చెప్పాం. వాడు అది నమ్మలేదు. వాళ్ళమ్మ ఊరి వాసన గనుకనే వద్దన్నారని వాడి నిశ్చయం. రెండు వారాలు నా పీరియడులో నోరు విప్పలేదు.

ఉపాయం ఆలోచించింది మళ్ళీ నా తోటి ఉపాధ్యాయినే. బడి వెనక చిన్న పెరడు ఉంది. పిల్లలు అక్కడ మిరప, సలాడు ఆకులు పెంచుతారు. బడి డబ్బుతోనే ధనియాలు కొని, ఒక మడి వాడికి అప్పగించింది. ఎట్లా చల్లాలో మాకెవరికీ తెలియదు, మీ అమ్మను వచ్చి చూపించమను, అంది. ఆవిడ వచ్చింది. గింజను చేత్తో రెండు బద్దలు చేసి చల్లడం, పైన పలుచగా గడ్డి కప్పడం అచ్చం మా అమ్మమ్మ చేసినట్టే చేసింది. జూన్ మొదటివారానికి మడి పచ్చబడింది. పిల్లలు ముక్కులు మూసుకొని ‘సబ్బు, సబ్బు’ అని అరిచారు. మధ్యాహ్నం నేను బడి సొత్తైన ఆ కొత్తిమీరను నాలుగు రెమ్మలు తెంపుకొని వెళ్ళి అన్నంలో కలుపుకున్నాను. వాడు తన పళ్ళెం పట్టుకొని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా తనూ రెండు రెమ్మలు నోట్లో వేసికొని నమిలాడు. ఒక్క మాటా అనలేదు. నేనూ అనలేదు.

ఇదంతా బాగానే ఉందిగాని, ఆ బడి కాలం అప్పటికే దగ్గరపడుతున్నది. దేశంలో పిల్లలు పుట్టడం అంతగా తగ్గిపోయింది. జనం తరగకుండా ఉండాలంటే ఒక్కొక్క స్త్రీకి సగటున ఇద్దరికి కొంచెం పైగా పిల్లలుండాలి. 2023లో ఆ సగటు 0.72. 2024లో 0.75కు పెరిగితే అదే శుభవార్త అన్నారు. దక్షిణ చొల్లాలో కాంగ్‌జిన్ అనే చోట ఒక ప్రాథమిక పాఠశాలలో చేరే పిల్లలు లేక, చిన్నప్పుడు చదువుకు నోచుకోని అవ్వల్ని 2019లో ఒకటో తరగతిలో చేర్చుకున్నారు. నేను చేరినప్పుడు మా బడిలో మూడు తరగతులకూ కలిపి ముప్ఫైనలుగురు. 2024 వచ్చేసరికి పందొమ్మిది మంది.

ఆ ఏడు శరత్కాలంలో విద్యాశాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. బడిని పట్టణంలో మరో బడితో కలిపే విషయం తేల్చడానికి. వసారాలో నన్ను చూచి, పక్కనున్న పిల్లల్ని, ఈ విదేశీయురాలు ఎవరని అడిగాడు. నన్నే అడగవచ్చు, ఇక్కడ మామూలుగా అడగరు. కొత్తిమీర కుర్రవాడు ముందుకు వచ్చి వంగి నమస్కరించి, ‘చొహీ ఇంగ్లీషు స్సెమ్’ అన్నాడు. ‘స్సెమ్’ అంటే పిల్లలు ముద్దుగా కుదించిన పంతులు మాట. నా పద్దులో ఎప్పుడూ దూరం కింద రాసుకున్న మాటే అది. కాని ఈసారి వినేవాడు అధికారి. గీతకు బయట ఉన్నది ఆయన. అధికారి తలూపి, కాగితాలు చూచుకుంటూ వెళ్ళిపోయాడు.

డిసెంబరులో తల్లిదండ్రుల అభిప్రాయం తీసుకున్నారు. ఊరి ముసలివాళ్ళు, పాత విద్యార్థులు వచ్చి పోట్లాడారు. ఒకాయన తన తండ్రి ఈ బడికి పొలమిచ్చాడని బల్ల గుద్ది చెప్పాడు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది కలపడానికే సంతకం చేశారు. పందొమ్మిది మందిలో ఆటకు రెండు జట్లు చేయడమే గగనమైతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? వియత్నాం ఆవిడ సంతకం పెట్టే ముందు ఒకే ప్రశ్న అడిగింది, ఆ బడిలో పెరడు ఉందా అని. ఉందన్నారు.

2025 జనవరిలో చివరి స్నాతకోత్సవం. పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు ఆరుగురు, చూడవచ్చినవాళ్ళు రెండు వందల మందికి తక్కువ లేరు. ఆ తర్వాత శీతాకాలపు సెలవులు. విదేశీ పంతుళ్ళకు సెలవుల్లో కూడా పిల్లలు లేని బడికి వచ్చి కూర్చోవలసిన రోజులుంటాయి. ఆఫీసు గుమాస్తా కుర్చీలు లెక్కపెట్టి చీటీలు అంటిస్తుంటే నేను ఇంగ్లీషులో ఉన్న పుస్తకాల జాబితా రాసి ఇచ్చాను. గుమ్మం దగ్గర అరలో నా చెప్పులు కాగితంలో చుట్టుకొని తెచ్చుకున్నాను.

మార్చి నుంచి నాకు రెండు బళ్ళు ఇచ్చారు. ఆ కుర్రవాడు వెళ్ళింది ఆ రెండింటిలో దేనికీ కాదు. సోమ, మంగళ, బుధవారాలు ఒక బడి. గురు, శుక్రవారాలు ఇంకొకటి. రెండో దానికి బస్సు ఏడూ పదికి, తప్పితే మళ్ళీ ఎనిమిదిన్నర దాకా లేదు. అక్కడి పిల్లలు నాతో ఇంకా ‘చొహీ’ అనే అంటున్నారు.